మోక్షగుండం నుండి భద్రావతి వరకు

ఉగాదినాడు పంచాంగ శ్రవణంలో ఒక్కొక్క రాశికి ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత, అవమానమెంత అని శ్రద్ధగా వింటాము. ఇట్టి లెక్క మనుషులకే కాదు, ఆనకట్టలకు, కర్మాగారాలకు, వాటిని కట్టిన మహనీయుల జీవితాలకు కూడా ఉంటుంది. ఆ దృష్టితో ఈ సంచికలో సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి జీవితాన్ని మన సభ్యుల ముందు ఉంచుతున్నాము.

ఈ విషయం ఎన్నుకొనుటకు కారణం ఉన్నది. మన సంఘం తరఫున నెలకొక ఆదివారం ఒక ప్రసంగం, వీలు చిక్కినప్పుడు ఒక యాత్ర జరుపుకొంటున్నాము. యాత్ర అనగా గుళ్లు గోపురాలు మాత్రమే కాదు. ఈ కన్నడసీమలో మన తాతలు, తండ్రులు చెమట ఓడ్చిన ఆనకట్టలు, గనులు, మిల్లులు, పాత రైలు స్టేషన్లు కూడా మనకు చూడదగిన క్షేత్రములే అని మా అభిప్రాయం. పిల్లలు కృష్ణరాజసాగరానికి వెళ్లి, బృందావనంలో రంగు దీపాలు చూసి, ఐస్‌క్రీము తిని తిరిగి వస్తున్నారు. ఆ కట్ట ఎందుకు కట్టినారు, ఎవరు కట్టినారు, దాని కింద ఏ ఊళ్లు మునిగినవి అని అడిగే బిడ్డ అరుదు. చెప్పగల పెద్దలు సంవత్సరానికొకరు చొప్పున తగ్గిపోతున్నారు. ఇట్టి సమయంలో ఒక్క మనిషి జీవితం పట్టుకొని నడిస్తే ఈ ప్రాంతపు పరిశ్రమల చరిత్ర యావత్తు కళ్లకు కడుతుంది. ఆ మనిషి విశ్వేశ్వరయ్యగారు.

పుట్టుక, చదువు

ఆయన ఇంటిపేరే ఒక తెలుగు ఊరి పేరు. గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం నుండి వారి పూర్వులు కొన్ని తరాల క్రితం మైసూరు సీమకు తరలి వచ్చినారు. నందికొండల నీడలో, చిక్కబళ్లాపురం దగ్గరి ముద్దేనహళ్లిలో నిలిచినారు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం. అంటే మనవంటి వారే. ఉన్న ఊరు వదలి వచ్చి, వచ్చిన ఊరిని తమదిగా చేసుకొన్న కుటుంబము.

1861వ సంవత్సరం సెప్టెంబరు 15న ఆ ఊరిలో విశ్వేశ్వరయ్యగారు జన్మించినారు. తండ్రి శ్రీనివాసశాస్త్రిగారు సంస్కృత పండితులు, తల్లి వెంకటలక్ష్మమ్మగారు. పాండిత్యం ఉన్నది గాని కలిమి లేదు. తండ్రి చిన్నతనంలోనే గతించినారు. చిక్కబళ్లాపురంలో ప్రాథమిక విద్య ముగించి, బెంగుళూరులో మేనమామగారి అండ చూసుకొని, పిల్లలకు పాఠాలు చెప్పి నాలుగు రూపాయలు సంపాదించుకొంటూ సెంట్రల్ కాలేజీలో బి.ఏ. చదివినారు. తరువాత మైసూరు ప్రభుత్వం ఇచ్చిన విద్యార్థి వేతనంతో పూనాలోని సైన్సు కాలేజీలో ఇంజనీరింగు చదివి, 1883లో పరీక్షలో ప్రథములుగా నిలిచినారు. మరుసటి సంవత్సరమే బొంబాయి ప్రభుత్వ ప్రజాపనుల శాఖలో అసిస్టెంటు ఇంజనీరు ఉద్యోగం లభించినది. నాసిక్‌లో చేరినారు.

ముద్దేనహళ్లికి యాత్ర పెట్టుకొన్న వారికి మా మనవి ఒకటి. ఆ ఊరిలో వారి జ్ఞాపకార్థం ఏర్పడిన ప్రదర్శనశాల, దగ్గరనే వారి సమాధి ఉన్నవి. చూసిన తరువాత ఊరిలోకి కూడా నడవండి. ఆ చుట్టుపక్కల పల్లెలలో తెలుగు, కన్నడం ఒకే వాకిట్లో వినబడతవి. వారు ఎట్టి నేలలో మొలిచినారో గాజు పెట్టెల కంటె ఆ వీధులే బాగా చెపుతవి.

బొంబాయి రాజధానిలో

బొంబాయి ప్రభుత్వంలో ఇరవై నాలుగేండ్ల సేవను కొద్ది మాటలలో చెప్పుకొని సాగుతాము. అందులో మూడు పనులు మాత్రం ముఖ్యమైనవి.

మొదటిది సింధు దేశంలోని సక్కర్ పట్టణపు మంచినీటి పథకం. సింధునది నీరు బురదగా ఉండేది. వడపోతకు పెద్ద తొట్లు కట్టే స్తోమత పురపాలక సంఘానికి లేదు. నదీగర్భంలోని ఇసుకనే వడపోత సాధనంగా ఉపయోగించి, బావిలోనికి ఊరిన నీటిని పైకి తోడి పట్టణానికి పంపే ఏర్పాటు చేసినారు. 1895 నాటికి ఆ పని పూర్తి అయినది.

రెండవది పూనా దగ్గరి ఖడక్‌వాస్లా చెరువుకు పెట్టిన స్వయంచాలక తలుపులు. కట్ట ఎత్తు పెంచకుండానే నీటి నిలువ పెంచాలి. వరద వచ్చినప్పుడు అర్ధరాత్రి మనిషి పరుగెత్తి తలుపులు ఎత్తే అవసరం ఉండరాదు. నీరు గట్టు మీరగానే ఆ నీటి బలంతోనే తలుపు తనంతట తాను తెరుచుకొని, వరద తీయగానే మూసుకొనేటట్లు ఒక యంత్రరచన చేసినారు. 1903లో అది అమలులోకి వచ్చినది. అదే పద్ధతి తరువాత గ్వాలియరులోను, మన కృష్ణరాజసాగరంలోను వాడినారు.

మూడవది నీరా కాలువ కింద పెట్టిన బ్లాకు పద్ధతి. కాలువ మొదట ఉన్నవాడు నీరంతా చెరకుకు పెట్టుకొంటే చివర ఉన్నవాని చేను ఎండిపోవడం మన ఊళ్లలోనూ ఎరిగిన విషయమే. ఆయకట్టును భాగాలుగా విడగొట్టి, పైరు మార్పిడి చేసి, నీటిని కొలిచి ఇచ్చే ఏర్పాటు అది. మొదట రైతులు అనుమానించి గోల చేసినా, క్రమేణా ఒప్పుకొన్నారు.

ఈ మధ్యలో 1898లో వారు స్వంత ఖర్చుతో జపాను వెళ్లి మూడు మాసాలు ఉన్నారు. చిన్న దేశమై ఉండి, ఒక్క తరంలో బడులు, యంత్రశాలలు, ఓడలు నిలబెట్టుకొన్న జపానును చూచిన తరువాత వారి మనస్సులో ఒక నమ్మకం గట్టిపడినది. చదువు, పరిశ్రమ రెండూ లేకపోతే ఈ దేశపు దరిద్రం తీరదని ఆ నమ్మకం. తరువాతి అరవై ఏండ్లు వారు చేసిన పని అంతా ఆ ఒక్క నమ్మకపు విస్తరణే.

బొంబాయి ప్రభుత్వపు చీఫ్ ఇంజనీరు పదవి ఆ రోజులలో భారతీయునికి దక్కే ఆశ లేదు. సూపరింటెండింగు ఇంజనీరు దాకా వచ్చి, 1908లో తామే పదవీ విరమణ కోరుకొని బయటికి వచ్చినారు.

మూసీ వరద

1908 సెప్టెంబరు 28న హైదరాబాదులో మూసీనది పొంగినది. వేలకొద్ది జనం కొట్టుకొని పోయినారు. ఇళ్లు, వంతెనలు నేలమట్టమైనవి. విదేశాలలో పర్యటిస్తున్న విశ్వేశ్వరయ్యగారికి నిజాం ప్రభుత్వం నుండి పిలుపు వచ్చినది. 1909లో వారు హైదరాబాదు చేరి, వరదకు మూలం ఎక్కడున్నదో ఏరు పైభాగంలో వెదికినారు. ఊరికి ఎగువన వందలాది చెరువులు ఉన్నవి. ఆ వానకు వాటిలో ఎన్నో ఒకదాని వెంట ఒకటి తెగినవి. ఆ నీరంతా ఒక్కసారిగా పట్టణం మీద పడినది.

గోడలు కట్టి వరదను ఊరిలో ఆపితే చాలునని వారు చెప్పలేదు. ఊరు చేరకముందే పట్టి నిలపాలని, మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి రెండు జలాశయాలు కట్టాలని సలహా ఇచ్చినారు. ఆ ప్రకారం ఉస్మాన్ సాగరు 1920లో, హిమాయత్ సాగరు 1927లో పూర్తి అయినవి. వరద ఆపుటకు కట్టినవే పట్టణానికి మంచినీళ్లు ఇచ్చినవి. హైదరాబాదులో చుట్టాలున్న మన సభ్యులు వేసవి సెలవులకు వెళ్లినప్పుడు గండిపేట చెరువుకట్ట మీద ఒక సాయంకాలం నిలబడి పిల్లలకు ఈ కథ చెప్పవచ్చును.

కన్నంబాడి

1909 నవంబరులో విశ్వేశ్వరయ్యగారు మైసూరు సంస్థానపు చీఫ్ ఇంజనీరుగా వచ్చినారు. అప్పటికి మైసూరు వెనుకబడిన సీమ ఏమీ కాదు. శేషాద్రి అయ్యరుగారు దివానుగా ఉండగా ప్రారంభమైన శివసముద్రం జలవిద్యుత్ కేంద్రం నుండి 1902లోనే 92 మైళ్ల దూరాన ఉన్న కోలారు బంగారు గనులకు కరెంటు పోయినది. అంత దూరం తీగలమీద కరెంటు పంపడం ఆనాటికి లోకంలోనే గొప్ప విశేషం.

అయితే చిక్కు ఒకటి ఉన్నది. కావేరి వానకాలంలో పొంగి, వేసవిలో సన్నగిల్లేది. నీరు తగ్గితే కరెంటు తగ్గేది. గనులలో నీరు తోడే యంత్రాలు, మనుషులను దింపే యంత్రాలు ఆగరాదు. భూమికి వేల అడుగుల లోతున పని చేసేవారికి కరెంటు అంటే ప్రాణం. ఆ వేల మందిలో చిత్తూరు, కోలారు వైపు నుండి వచ్చిన తెలుగు వారు, ఉత్తర ఆర్కాటు నుండి వచ్చిన తమిళులు ఎందరో. మరొక వైపు మండ్య ప్రాంతం కావేరి పక్కనే ఉండి కూడా వానకు ముఖం వాచిన మెట్ట. ఈ రెండింటికీ ఒకే మందు నదికి అడ్డంగా పెద్ద జలాశయం.

ఇక్కడ కథ మలుపు తిరుగుతుంది. మైసూరు సర్కారు ఖజానా అధికారులు ఇంత ఖర్చు తగదన్నారు. దిగువన ఉన్న మదరాసు ప్రభుత్వం తన డెల్టాకు నీరు తగ్గుతుందని అభ్యంతరం చెప్పినది. మహారాజు నాల్వడి కృష్ణరాజ ఒడయరు అన్నీ విని, 1911 అక్టోబరులో అనుమతి ఇచ్చినారు. భారత ప్రభుత్వం మొదటి దశగా 80 అడుగుల ఎత్తుకు మాత్రమే ఒప్పుకొన్నది. విశ్వేశ్వరయ్యగారు పునాది మాత్రం ముందు ముందు రాబోయే 124 అడుగుల మట్టానికి తగిన వెడల్పుతోనే వేయించినారు. చిన్న ఇల్లు కట్టుకొనేవాడు కూడా పై అంతస్తును తలచుకొని పునాది తీస్తాడు. ఆ ముందుచూపే లేకపోతే ఈనాటి కృష్ణరాజసాగరం లేదు. నీటి తగాదా మాత్రం 1914లో మధ్యవర్తి తీర్పుతో తీరలేదు. 1924లో ఒడంబడిక జరిగినది. 1932 నాటికి కట్ట పూర్తి అయినది. ఆ తగాదా రూపు మారి మన కాలం వరకు వచ్చిన సంగతి తమిళనాడులోను, కర్ణాటకలోను కూడా ఉన్న మన తెలుగు కుటుంబాలకు వేరే చెప్పనక్కరలేదు.

ఆ కట్ట పొడవు సుమారు 8,600 అడుగులు. సిమెంటుతో కట్టినది కాదు. రాతికట్టుకు సున్నము, ఇటుకపొడి కలిపిన సుర్కీ గారను వాడినారు. అప్పటికి సిమెంటు విదేశాల నుండి రావలసినదే. సుర్కీ ఇక్కడనే దొరికేది, చవుక కూడా. వేలాది కూలీలు రాళ్లు కొట్టి, మోసి, పేర్చినారు. మైసూరు సీమలో చెరువుకట్టలు, బావులు, రాతిపనులు తరతరాలుగా వడ్డెర వారి చేతి చలువ. వారిలో తెలుగు మాట్లాడే ఇండ్లు ఎన్నో. రాయి మీద ఉలి గురుతు పెట్టిన ఆ చేతుల పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు.

మునిగిన ఊళ్లలో కన్నంబాడి ఒకటి. అందువలననే ఈనాటికీ పల్లె జనం ఆ కట్టను కన్నంబాడి కట్ట అనే అంటారు. ఊరితోపాటు హొయసలుల కాలపు వేణుగోపాలస్వామి ఆలయం కూడా నీళ్లలోనికి పోయినది. ఎండాకాలంలో నీరు బాగా తగ్గిన సంవత్సరాలలో గుడి బయటపడేది. ఇటీవలి కాలంలో ఆ రాళ్లను విప్పి తెచ్చి ఒడ్డున కొత్త కన్నంబాడిలో మరల నిలిపినారు. ఊరు విడిచిన రైతులకు ప్రభుత్వం వేరొక చోట భూములు చూపినది. భూమికి బదులు భూమి ఇవ్వవచ్చును గాని, ఇంటి ముందరి వేపచెట్టుకు బదులు ఏమి ఇవ్వగలరు? ఊరు విడిచి వచ్చిన బాధ మనకు తెలియనిది కాదు గనుక, యాత్రలో కట్ట చూచినవారు ఆ గుడి కూడా చూచి రావలెనని మా కోరిక. ఆదాయం ఒక చోట, వ్యయం మరొక చోట ఉన్నవి. రెండూ చూడాలి.

దివాను పదవి

1912లో విశ్వేశ్వరయ్యగారిని మహారాజు దివానుగా నియమించినారు. పదవి స్వీకరించే ముందు చుట్టపక్కాలను పిలిచి, తమ వద్దకు సిఫార్సులతో ఎవరూ రాకూడదని మాట తీసుకొన్న సంగతి ఈ సీమలో అందరూ చెప్పుకొంటారు.

ఆ ఆరేండ్లలో నిలబడిన సంస్థల పట్టీ చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 1913లో మైసూరు బ్యాంకు, 1916లో మైసూరు విశ్వవిద్యాలయం, 1917లో బెంగుళూరు ఇంజనీరింగు కాలేజీ. మైసూరు వాణిజ్య మండలి, పట్టు నేత కర్మాగారం కూడా ఆ కాలపువే. బ్రిటిషు పాలనకు వెలుపల ఉన్న సంస్థానాలలో మొదటి విశ్వవిద్యాలయం అదే. ఆడపిల్లల చదువుకు, నిర్బంధ ప్రాథమిక విద్యకు కూడా నాంది పలికినారు.

గంధపు నూనె కథ చెప్పుకోదగినది. మైసూరు అడవుల గంధపు చెక్క అప్పటిదాకా వేలంలో అమ్ముడై ఓడలెక్కి పోయేది. నూనె తీసేది జర్మనులు. 1914లో యుద్ధం రాగానే ఆ బేరం ఆగిపోయి చెక్క గుట్టలుగా పడి ఉన్నది. ఆ చెక్క నుండి నూనె ఇక్కడనే ఎందుకు తీయరాదని ఆలోచించి, బెంగుళూరు సైన్సు ఇన్‌స్టిట్యూటు ఆచార్యుల సాయంతో 1916లో నూనె కర్మాగారం పెట్టినారు. ఆ నూనెతోనే తరువాత సబ్బు తయారైనది. స్నానాలగదిలో మన చేతిలో ఉన్న ఆ అండాకారపు సబ్బు ఒక యుద్ధపు కష్టకాలంలో పుట్టిన ఉపాయం. కష్టం వచ్చినప్పుడు సరుకును అమ్ముకొని పోవడం ఒక పద్ధతి, ఆ సరుకును ఇంట్లో వస్తువుగా మార్చుకొనడం మరొక పద్ధతి.

రైల్వే ఉద్యోగులమైన మాకు మరొక సంగతి ప్రీతి. మైసూరు సీమ రైలుమార్గాలలో చాలా భాగం అప్పుడు మదరాసు సదరన్ మరాఠా కంపెనీ నిర్వహణలో ఉండేవి. సంస్థానం తన మార్గాలను తానే వేసుకొని, తానే నడుపుకోవాలని విశ్వేశ్వరయ్యగారు పట్టుపట్టినారు. మైసూరు–అరసీకెరె మార్గం, బెంగుళూరు నుండి చిక్కబళ్లాపురానికి వేసిన చిన్న పట్టాల రైలు ఆ కాలపువే. చిక్కబళ్లాపురం మార్గంలోని నంది, దేవనహళ్లి వంటి పాత స్టేషను కట్టడాలు చూడముచ్చటగా ఉంటవి. ముద్దేనహళ్లి యాత్రకు పోయేవారు మోటారులో కాక రైలులో పోతే ఒక్క టిక్కెట్టుతో రెండు చరిత్రలు చూడవచ్చును.

పదవి విడుచుట

మహనీయుల చరిత్రలో నచ్చిన భాగం మాత్రమే చెప్పడం ధర్మం కాదు. ఆ రోజులలో మైసూరు ప్రభుత్వోద్యోగాలలో అత్యధిక భాగం ఒక్క బ్రాహ్మణవర్గం చేతిలో ఉండేవి. తక్కిన వర్గాల పెద్దలు తమ బిడ్డలకు వాటా కావాలని మహారాజుకు విన్నవించుకొన్నారు. 1918లో మహారాజు జస్టిసు మిల్లరు అధ్యక్షతన ఒక కమిటీ వేసినారు. విశ్వేశ్వరయ్యగారు యోగ్యత ఒక్కటే కొలబద్ద కావాలని, చదువు విస్తరింపజేస్తే కాలక్రమాన అందరూ పైకి వస్తారని నమ్మినారు. ఆ అభిప్రాయభేదంతో ఆ సంవత్సరాంతాన పదవి విడిచినారు.

వారి నిజాయితీని ఎవరూ శంకించలేదు. అయినా, తరతరాలుగా బడి గడప తొక్కనీయని వారిని పరుగుపందెంలో సమంగా పరుగెత్తమనడం న్యాయమా అని అడిగినవారి పక్షాన కూడా న్యాయమున్నది. కాలం వారి పక్షమే తీర్పు చెప్పినది. మహారాజు ఆ కమిటీ సిఫార్సులను అమలు పెట్టినారు. మన సంఘంలో రైతులు, నేతవారు, వడ్డెరలు, వర్తకులు, పురోహితులు అన్ని వర్గాల కుటుంబాలు ఒకే పంక్తిలో ఉగాది పచ్చడి తింటున్నాము గనుక ఈ సంగతి దాచకుండా చెప్పుకోవడమే మర్యాద అని తలచినాము.

భద్రావతి

బాబాబుడన్ కొండలలో ఇనుపరాయి ఉన్నది. మలెనాడులో అడవి ఉన్నది. భద్రానది నీరు ఉన్నది. బొగ్గు గనులు మాత్రం లేవు. బొగ్గు లేనిచోట కట్టెబొగ్గుతో ఇనుము కరిగించవచ్చునని దివానుగా ఉన్నప్పుడే విశ్వేశ్వరయ్యగారు నిర్ణయించి, అమెరికా నిపుణులను సంప్రదించినారు. బీరూరు–శివమొగ్గ రైలుమార్గం మీద ఉన్న బెంకిపురం అనే చిన్న ఊరిలో 1918లో పని మొదలైనది. ఆ ఊరే భద్రావతి అయినది. కెమ్మణ్ణుగుండి నుండి ఖనిజం వచ్చేది. కట్టెలను మూసిన కొలుములలో కాల్చి బొగ్గు చేసేటప్పుడు వచ్చే పొగను కూడా వృథా పోనీయక, దాని నుండి తారు, ఆసిడు, స్పిరిటు తీసేవారు.

1923 జనవరిలో కొలిమి నుండి ఇనుము పారినది. కాని యుద్ధానంతరం ఇనుము ధర లోకమంతటా పడిపోయినది. కర్మాగారం నష్టాలలో మునిగినది. ఇది తెల్ల ఏనుగని పత్రికలు, ప్రజాప్రతినిధులు దుయ్యబట్టినారు. దివాను పదవి విడిచి అయిదేండ్లయినా, ఆలోచన తమదే గనుక నింద కూడా విశ్వేశ్వరయ్యగారి తలమీదనే పడినది. పంచాంగం భాషలో ఇది అవమానపు పాలు.

వారు తప్పించుకొని పోలేదు. 1923లో కర్మాగారపు మండలి అధ్యక్షులుగా బాధ్యత నెత్తికెత్తుకొన్నారు. అరవై రెండేండ్ల వయస్సున ఖర్చులు ఒక్కొక్కటే తగ్గించి, విదేశీ నిపుణుల స్థానంలో మన వారిని క్రమంగా తయారుచేసి, 1929 నాటికి దానిని కాళ్లమీద నిలబెట్టినారు. ఆ పనికి జీతం అప్పట్లో పుచ్చుకొనలేదు. తరువాత వారికి రావలసిన సొమ్ము బెంగుళూరులో చేతిపనుల శిక్షణాలయం పెట్టుటకు వినియోగమైనది. 1943లో వెలసిన ఆ విద్యాలయానికి తమ పేరు వద్దని, మహారాజు జయచామరాజేంద్ర ఒడయరు పేరు పెట్టించినారు.

1927లో మైసూరు సీమ పర్యటించిన గాంధీజీ భద్రావతి కూడా చూచినారు. గ్రామపు చేతిపనులే దేశానికి ఊపిరి అని గాంధీజీ నమ్మకం. పెద్ద యంత్రం లేనిదే పేదరికం పోదని విశ్వేశ్వరయ్యగారి నమ్మకం. ఇద్దరూ నిరాడంబరులే, ఇద్దరూ గడియారానికి కట్టుబడినవారే. దారులు మాత్రం వేరు. ఆ వాదం ఈనాటికీ తెగలేదు. భద్రావతి కొలుములకు మలెనాటి అడవి ఎంత బలి అయినదో తలచుకొంటే గాంధీజీ పక్షాన ఒక మాట చెప్పాలనిపిస్తుంది. ఆ జీతాలతో చదువుకొన్న వేల కుటుంబాల పిల్లలను తలచుకొంటే విశ్వేశ్వరయ్యగారి పక్షాన ఒక మాట చెప్పాలనిపిస్తుంది.

భద్రావతి తరువాత ఉక్కు, సిమెంటు, కాగితం కర్మాగారాలతో పెద్ద ఊరైనది. మన తెలుగు కుటుంబాలు కూడా అక్కడికి చేరినవి. ఇనుము కర్మాగారానికి విశ్వేశ్వరయ్యగారి పేరే పెట్టినారు. 1989లో అది భారత ఉక్కు సంస్థ చేతిలోకి పోయినది. యంత్రాలు పాతవై, సొంత గని లేక, పెట్టుబడి రాక క్షీణించినది. 2023 జనవరిలో మూసివేయుటకు నిర్ణయమైనది. కార్మికులు నెలల తరబడి ఆందోళన చేసినారు. ఆ సంవత్సరమే ఆగస్టులో కొంత భాగం తిరిగి నడిచినది. కాగితపు మిల్లు అంతకు ముందే ఆగిపోయినది. కోలారు బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి. మైసూరు బ్యాంకు 2017లో పెద్ద బ్యాంకులో కలిసిపోయినది. ఒక మనిషి కాలంలో మొలిచిన చెట్లు మన కాలంలో ఒకటొకటిగా ఆకు రాల్చినవి.

చివరి సంవత్సరాలు

తరువాతి జీవితంలో కూడా వారికి విశ్రాంతి లేదు. 1920లోను, 1934లోను దేశ పునర్నిర్మాణం గురించి, ప్రణాళికాబద్ధమైన ఆర్థిక వ్యవస్థ గురించి గ్రంథాలు రచించినారు. పంచవర్ష ప్రణాళిక అనే మాట మనకు తెలియక ముందే దాని రూపురేఖలు గీసినవారు వారు. ఒడిశాలో మహానది వరదలు జనాన్ని పీడిస్తున్నప్పుడు, 1937లో ఎగువన జలాశయాలు కట్టే విషయం పరిశీలించాలని చెప్పినారు. మూసీకి చెప్పిన మందే మహానదికీ చెప్పినారు. స్వరాజ్యం వచ్చిన తరువాత హీరాకుడ్ కట్ట లేచినది. ఒడిశాలోని మన తెలుగు సోదరులకు ఆ విధంగా కూడా వారు దగ్గరవారే.

1951లో స్వీయచరిత్ర వెలువరించినారు. 1955లో భారతరత్న బిరుదు వరించినది. నూరేండ్లు నిండిన తరువాత 1962 ఏప్రిల్ మాసంలో బెంగుళూరులో పరమపదించినారు. పుట్టిన ముద్దేనహళ్లిలోనే అంత్యక్రియలు జరిగినవి. వారి జన్మదినమైన సెప్టెంబరు 15న దేశమంతటా ఇంజనీర్ల దినోత్సవం జరుపుతున్నారు. బెంగుళూరు కస్తూర్బా రోడ్డులో వారి పేర ఉన్న యంత్ర ప్రదర్శనశాల పిల్లలకు మంచి బడి.

మన కర్తవ్యము

ఇంత చెప్పి, వారు మనవారు, తెలుగువారు అని చంకలు గుద్దుకొని ఊరకుంటే లాభం లేదు. విశ్వేశ్వరయ్యగారు తెలుగు ఇంట పుట్టి, కన్నడసీమలో పెరిగి, మరాఠీ నాట ఉద్యోగం చేసి, హైదరాబాదుకు, ఒడిశాకు కూడా బుద్ధిబలం ధారపోసినారు. వెళ్లిన ప్రతి చోట ఆ ఊరి నీళ్లు ఎక్కడినుండి వస్తున్నవి, ఆ ఊరివారు ఏమి తిని బ్రతుకుతున్నారు అని ముందుగా విచారించినారు. వలస వచ్చినవాడు వచ్చిన ఊరి రుణం తీర్చుకొనే పద్ధతి అదే.

కనుక రాబోయే సంవత్సరానికి మా సూచన ఇది. ప్రతి యాత్రకు ముందు ఆదివారం ఒక ప్రసంగం ఉండాలి. ప్రసంగించేవారు పెద్ద ఉపాధ్యాయులే కానక్కరలేదు. గనిలో దిగినవారు, కొలిమి ముందు నిలబడినవారు, మిల్లులో సాంచె నడిపినవారు, ఇంజనులో బొగ్గు వేసినవారి బిడ్డలు రావాలి. వారు తెలుగులో చెప్పితే తెలుగులో, కన్నడంలో చెప్పితే కన్నడంలో పిల్లలు వ్రాసుకోవాలి. పాత జీతపు చీటీలు, పాసులు, ఫోటోలు ఇంటి అటకమీద చెదలు తినకముందే దింపి సంఘానికి చూపాలి. కర్మాగారాలకు, విద్యుత్ కేంద్రాలకు పోవునప్పుడు ముందుగా వ్రాతపూర్వకంగా అనుమతి పొందాలి. మూతపడిన చోట్ల గోడలు ఎక్కరాదు, పాత గనుల దరిదాపుల ఆడరాదు. చివరిగా, చూచి వచ్చిన ప్రతి చోటు గురించి ఒక పుటకు తగ్గకుండా వ్రాసి ఈ సంచికకు పంపాలి.

ఆనకట్ట మీద ఇంజనీరు పేరు ఉంటుంది, మహారాజు పేరు ఉంటుంది. రాయి మోసినవాని పేరు అతని మనుమడే చెప్పాలి. ఆ మనుమలలో కొందరు మన సంఘ సభ్యుల ఇండ్లలోనే ఉన్నారు. వచ్చే ఉగాది సంచికలో ఆ పేర్లు కొన్నయినా అచ్చులో చూడగోరుతూ, సభ్యులందరికీ, వారి కుటుంబాలకు ఈ నూతన సంవత్సరం ఆయురారోగ్యాలు ప్రసాదించుగాక అని ప్రార్థిస్తున్నాము.